ఎవరి మీదికి ఈ ట్యాంకు

తెలంగాణ కోసం ఊరంతా సమ్మెలో ఉన్న ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో నేను ఫిజిక్సు చెప్పే కోచింగ్ సెంటరు కూడా మూతపడింది. బస్సుల్లేవు, క్లాసుల్లేవు, కరెంటు చుట్టపుచూపుగా వచ్చి పోయేది. మగవాడు ఊరికే ఇంట్లో కూర్చుంటే ఎంత ప్రమాదమో మా ఆవిడకి తొందరగానే అర్థమైంది. చారులో పోపు ఎప్పుడు వెయ్యాలో నేను వివరిస్తుంటే గరిటె పక్కన పెట్టి, "మీకు దణ్ణం పెడతాను, ఏదైనా పని చూసుకోండి" అంది.

అటక మీద ఒక డబ్బా ఉండేది. కోఠీలో బొమ్మల కొట్టులో ఎప్పుడో ముచ్చటపడి కొన్నది. అందులో ప్లాస్టిక్ ముక్కలుంటాయి. వాటిని చట్రంలోంచి కత్తిరించి, అతికించి, రంగు వేస్తే జానెడు పొడవున యుద్ధ ట్యాంకు తయారవుతుంది. డబ్బా మీది బొమ్మ చూస్తే ఎవరికైనా వచ్చేస్తుందనిపిస్తుంది. రాదు. గోళ్ల కత్తెరతో కత్తిరించాను, ముక్కలు సగానికి విరిగాయి. జిగురు పూశాను, ముక్క కంటే ముందు నా వేళ్లు అతుక్కున్నాయి. అటూ ఇటూ తిరగాల్సిన ఫిరంగి బిగుసుకుపోయి శాశ్వతంగా వంటింటి వైపు గురిపెట్టి ఉండిపోయింది. పైకప్పు మీద నా బొటనవేలి ముద్ర మాత్రం రిజిస్ట్రారాఫీసులో వేసినంత స్పష్టంగా పడింది.

ఆకుపచ్చ రంగు వేశాక పని అయిపోయిందనుకున్నాను. అసలు పని అప్పుడే మొదలవుతుందని డబ్బాలో వచ్చిన పుస్తకం చెప్పింది. నిగనిగలాడే ట్యాంకుని ఎవరూ నమ్మరట. దానికి తుప్పు పట్టించాలి, మసి పుయ్యాలి, బురద కొట్టాలి, ఏళ్ల తరబడి యుద్ధం చేసొచ్చినట్టు కనిపించాలి. మా ఆవిడ ఆ పేజీ తిరగేసి, "కొత్తదాన్ని పాడుచెయ్యడానికి మళ్లీ పుస్తకమా? మన స్కూటరుని చూస్తే సరిపోయేదిగా" అంది.

నేను పట్టించుకోలేదు. క్లాసుల్లేక మిగిలిపోయిన ఎర్ర సుద్దముక్కల్ని నూరి తుప్పు చేశాను. మీర్‌పేట్ వైపు కొత్తగా గీసిన ప్లాట్లలోంచి గుప్పెడు మన్ను తెచ్చి, జల్లించి, నీళ్లలో కలిపి చక్రాలకి పట్టించాను. ఆ ప్లాట్ల మట్టిని ఉచితంగా ఇంటికి తెచ్చుకున్నవాడు హైదరాబాదులో నేనొక్కణ్ణే అయుంటాను.

మేముండేది కొత్తపేటలో, పైవాటాలో. కింద వాటాలో ఇంటాయన. వాళ్లది పోచంపల్లి దగ్గర మగ్గాల ఊరు, ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపు. మెడలో కండువా వేసుకుని రోజూ ఎల్బీనగర్ చౌరస్తాలో దీక్షా శిబిరానికి వెళ్లి కూర్చునేవాడు. సాయంత్రం వచ్చాక మేడ మీద ఇద్దరం టీ తాగేవాళ్లం. మాది గుంటూరు వైపు. ఆయన రాష్ట్రం రావాలనేవాడు, నేను ఎందుకనేవాణ్ణి. టీ అయిపోయేసరికి వాదనా అయిపోయేది. పదేళ్లుగా మా కిరాయి పెరిగింది కానీ మాట పెరగలేదు.

చిక్కంతా ఒక్క మాటతో వచ్చింది. మావారు ట్యాంకు పనిలో ఉన్నారని మా ఆవిడ కింద చెప్పింది. ఆ ఇంట్లో ట్యాంకంటే మేడ మీది నీళ్ల ట్యాంకు ఒక్కటే. మరుక్షణం ఇంటాయన రెంచీ పట్టుకుని మేడెక్కాడు. ట్యాంకు మూత ఎత్తి చూశాడు, పైపులు తట్టి చూశాడు, చివరికి పిట్టగోడ పక్కన చేతులకి బురదతో కూర్చున్న నన్ను చూశాడు.

"గిదేంది సార్?"

"ట్యాంకండీ. యుద్ధం ట్యాంకు."

ఆయన వంగి చాలాసేపు చూశాడు. "ఎవరి మీదికి?"

"ఇంకా తేల్చుకోలేదండీ" అన్నాను.

మా వైపు దీన్ని హాస్యమంటారు. అవతలివాడు నవ్వి ఇంకో మాట అంటించాలి. ఆయన నవ్వలేదు, రెంచీ పట్టుకుని దిగిపోయాడు. ఆ సాయంత్రం టీకి రాలేదు, ఆ తర్వాతా రాలేదు. మెట్ల మీద ఎదురైతే ఆయన గోడకేసి చూసేవాడు, నేను చెప్పులకేసి చూసుకునేవాణ్ణి. ఆంధ్ర సారు పైన ట్యాంకు తయారుచేస్తున్నాడన్న కబురు కిరాణా కొట్టు దాకా వెళ్లింది. కొట్టువాడు పంచదార పొట్లం కడుతూ, "అయిపొయ్యిందా సార్ ట్యాంకు?" అని మర్యాదగా అడిగాడు.

అంతలో ఇంటావిడ మా ఆవిడతో ఒక మాట అంది. "దసరా ఎల్లినంక మా ఆయన సారుతోని ఒక ముచ్చట మాట్లాడాలంటుండు."

కిరాయి ఇళ్లలో బతికినవాళ్లకి ఆ ముచ్చటేమిటో వేరే చెప్పక్కర్లేదు. ఖాళీ చెయ్యమనడమే. మా ఆవిడ కిరాణా కొట్టు నుంచి అట్టపెట్టెలు అడిగి తెచ్చి మంచం కింద పెట్టింది. మా అమ్మాయి నడక నేర్చింది ఆ ఇంటి మెట్ల మీదే. నాకు నిజంగా భయమేసింది. భయానికి నాకు తెలిసిన మందు కోపం. ఆయన్ని తిట్టుకుంటూ ట్యాంకుకి ఇంకో పూత బురద కొట్టాను. అంత కసిగా కొట్టిన బురద ఎంతో సహజంగా వచ్చింది. చేతకానివాడి చేతిలో పుట్టినా అది నిజంగా యుద్ధం చూసినట్టే ఉంది. దసరా ముందురోజు ఆరడానికి మేడ మీద పిట్టగోడ దగ్గర పెట్టాను.

పండుగ పొద్దున చూస్తే అక్కడ లేదు. వెతుక్కుంటూ కిందికి దిగాను. వాకిట్లో ఆయుధపూజ జరుగుతోంది. కడిగిన స్కూటరు, షాపు కత్తెర, బట్ట కొలిచే గజం బద్ద, ఆ వరసలో చివరన పీట మీద నా ట్యాంకు. సర్ఫు నీళ్లతో తోమి తోమి కడిగారు. తుప్పు లేదు, మసి లేదు, మీర్‌పేట్ లేదు. వార్నిష్ కొడితే తప్ప అవేవీ నిలవవని పుస్తకంలో నేను చదవని పేజీలో ఉందట. ఫిరంగికి పసుపు, కుంకుమ బొట్లు, ఒక బంతిపువ్వు. చక్రాల కింద నిమ్మకాయలు. అవి చక్రాల కంటే ఎత్తున్నాయి.

ఖాళీ చేయిస్తే చేయించనీ, ముందు దులిపేద్దామని నోరు తెరిచాను. ఈలోపే ఆయన పసుపు చేతులు తువ్వాలుకి తుడుచుకుంటూ లేచాడు.

"పండుగ పూట బండి గట్ల మురికిగ ఉంటే మంచిగుంటదా సార్? నేనే కడిగిన. ఎంత తోమినా ఆ వేలిముద్ర మాత్రం పోతలేదు."

ఆయన గొంతు తగ్గించాడు.

"ఒక ముచ్చట అడగాలె. రాష్ట్రమొస్తే మీరు ఖాళీ చేసి మీ దిక్కు పోతరా?"

"ఎవరన్నారు?"

"ఎవలు అనలే. మీరు మాట్లాడ్తలేరు, అక్క డబ్బలు తెచ్చి పెడుతుంది. పోయెటోళ్లే గదా గట్ల చేసేది. నెల సంది పరేషాన్ అయితున్న సార్, పోతమంటరేమోనని చాయ్‌కు గూడ రాలే. పోతరా?"

మంచం కింద అట్టపెట్టెలు గుర్తొచ్చి సిగ్గేసింది, కళ్లలో నీళ్లూ తిరిగాయి. మా వైపు నాయకులు టీవీల్లో మా గురించి గంటలు గంటలు మాట్లాడారు. ఉండమని మాత్రం నన్నెవరూ అడగలేదు.

"పోమండీ" అన్నాను.

ఆయన ముఖం తేటపడింది. కొబ్బరికాయ కొట్టి నాకొక చిప్ప ఇచ్చాడు. కండువా సర్దుకుని, పండుగైనా శిబిరానికి సెలవు లేదంటూ బొట్టు పెట్టిన స్కూటరు బయటికి తీశాడు. గేటు దాకా వెళ్లి ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు.

"సార్, ఇయ్యాల మైకుల మస్తు తిడతం. గో బ్యాక్ అంటం. ఇనబడితే జర మనసుల పెట్టుకోకుండ్రి. అది మీకు గాదు."

"మరెవరికండీ?"

ఆయన స్కూటరుకి కిక్కు కొడుతూ అన్నాడు. "ఆంధ్రోళ్లకు."