అక్క గదిలో కంప్యూటర్

కాలనీవాళ్ల కంప్యూటర్లు ఒకదాని ఫైళ్లు ఒకటి దాచిపెట్టుకునే ఏర్పాటు అతను తయారుచేశాడు. దానికి పరీక్షంటే, అతను చెప్పాపెట్టకుండా ఎవరింట్లోనో కంప్యూటర్ ప్లగ్గు పీకడమే. మిగతావి ఆ లోటు పూడ్చుకుంటే గడ్డం గోక్కుంటూ మురిసిపోతాడు. "కనపడ్డ ప్లగ్గల్లా పీకుతావేంట్రా, నీ చేతులు కట్టెయ్యాలి" అని అక్క తిట్టేది. అందరికంటే ముందు తన కంప్యూటర్ ఇచ్చిందీ ఆమే. ఆమె చనిపోయాక కూడా అది నడుస్తూనే ఉంది.

"గది ఖాళీ చెయ్యాలిరా, ఇక ఆపేద్దామా?" అన్నాడు బావ.

అతను ప్లగ్గు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. చివరికి పీకి, ఫోన్‌లో చూశాడు. అక్క వాటా మిగతా ఇళ్లు అప్పుడే పంచేసుకున్నాయి.

"ఏమైనా తేడా వచ్చిందా?" అడిగాడు బావ.

ఏ తేడా రాలేదని చెప్పడానికి అతనికి నోరు పెగల్లేదు.