చిన్నాయన కట్టిన జోలపాట

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎప్పుడూ సన్నగా వాన కురుస్తున్నట్టే ఉండేది. పుంగనూరు దగ్గరి పల్లెలో మాది పట్టుపురుగులు పెంచే ఇల్లు. వెనక పొడుగాటి గదిలో, తట్టల మీద పురుగులు మల్బరీ ఆకు తింటుంటే ఆ చప్పుడు పెంకుల మీద తుంపర పడినట్టు వినిపించేది. ఆ చప్పుడులోనే నిద్రపోయేదాన్ని, ఆ చప్పుడులోనే లేచేదాన్ని.

మా చిన్నాయన, అంటే నాన్న తమ్ముడు, ఒక ఏడు బెంగుళూరు నుంచి తిరిగొచ్చాడు. అక్కడ చదువు మానేసి, స్నేహితులతో కలిసి గిటార్లు, డ్రమ్ములు వాయిస్తూ ఇంగ్లీషులో రాక్ పాటలు పాడేవాడట. వచ్చేనాటికి చొక్కా లోపల మనిషి లేనట్టుండేవాడు. జబ్బు చేసిందని మాత్రం నాకు చెప్పారు. మా అవ్వ అతన్ని ఏమీ అడగలేదు. పురుగులకు ఆకు వేసే పని అప్పగించి ఊరుకుంది.

అతని దగ్గర ఒక టేపు రికార్డరు, తాను కట్టిన పాట ఉన్న క్యాసెట్టు ఉండేవి. ఆ పాట పెట్టమని నేను వెంటపడేదాన్ని. మొదట గిటారు మీద ఒకే తీగ, నిదానంగా, చూరు నుంచి చుక్కలు జారినట్టు మోగేది. తర్వాత చెవి దగ్గరికొచ్చి గుసగుసలాడినట్టు చిన్నాయన గొంతు. మాటలు ఒక్కటీ అర్థమయ్యేవి కావు. అయినా నాకది జోలపాట. కళ్ళు మూసుకుంటే ఎవరో నన్ను ఎత్తుకుని పొగమంచులో నడుస్తున్నట్టుండేది. ఎక్కడో అడుగు నుంచి డ్రమ్ములు మొదలవగానే చిన్నాయన టేపు ఆపేసేవాడు. ఆ తర్వాత ఏముందో నేనెప్పుడూ వినలేదు.

ముసురు పట్టిన ఒక రోజు ఇంట్లో అందరూ కుప్పంలో పెళ్ళికి వెళ్ళారు. పురుగుల కోసం మేమిద్దరం మిగిలాం. మధ్యాహ్నం దాటాక చిన్నాయన మంచి చొక్కా వేసుకుని, బూట్లు తొడుక్కుని, వాకిలి దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు. ఆ చలిలోనూ మెడంతా చెమట.

"యాడికి చిన్నాయనా?" అన్నాను.

నా ముందు గొంతుక్కూర్చున్నాడు. "పాపా, బెంగుళూరు బస్సు వచ్చే యాళయింది. అది పొయ్యేదాకా నా సెయ్యి పట్టుకోని కూసుంటావామ్మా?"

పెద్దవాళ్ళు అలా అడగడం నేనెన్నడూ వినలేదు. "పాట కడదాకా పెడితే కూసుంటా," అన్నాను.

టేపు పెట్టాడు. తట్టల మధ్య నేల మీద కూర్చున్నాం. డ్రమ్ములు దగ్గరికొచ్చాయి, గొంతు పెద్దదైంది, గిటారు ఒక్కసారిగా కేకలు పెట్టింది. నాకు భయమేసింది.

"జోలపాటలో యాల అరుస్తాండావు?"

"జోలపాటే పాపా. పాడేది మాత్రం అమ్మ కాదు, మత్తుమందు. దానికి నేను అలవాటు పడినా. రా, నొప్పి లేకుండా సేస్తా, నిద్ర పుచ్చుతా అని అది పిలుస్తాది. నేను పోతా. పోయినాక ఇంక ఇడిసిపెట్టదు. ఈ డ్రమ్ము ఉండాది సూడు, అది నా గుండెకాయ. అరిసేది నేనే."

"ఇప్పుడు గూడా పిలుస్తాండాదా?"

"పిలుస్తాండాది. బస్సెక్కితే నేరుగా దాని కాడే దిగుతా."

కేకలు ఆగిపోయాయి. మళ్ళీ ఆ ఒంటి తీగ, మునుపటిలాగే తియ్యగా. "మళ్ళీ మొదటికొచ్చిందే!" అన్నాను. "దాని పనే అది," అన్నాడు.

మలుపు దగ్గర బస్సు హారను వినిపించింది. చిన్నాయన వేళ్ళు నా చేతిని నలిపేసినంత పని చేశాయి. నేను విడిపించుకోలేదు. బస్సు ఆగింది. ఎవరో దిగిన మాటలు వినిపించాయి. ఇంజను మోత కదలకుండా అక్కడే ఉండిపోయినట్టనిపించింది. చివరికి సన్నబడి, సన్నబడి, పురుగుల చప్పుడులో కలిసిపోయింది. చిన్నాయన గోడకు తల ఆనించి చాలాసేపు ఏడ్చాడు. తర్వాత ఇద్దరం లేచి ఆకు వేశాం.

ఆ రోజుతో అంతా తీరిపోలేదు. ఒకసారి బస్సెక్కాడు కూడా. నాన్న వెళ్ళి తీసుకొచ్చాడు. కానీ అడగడానికి మాత్రం మళ్ళీ సిగ్గుపడలేదు. మనసు అటు లాగినప్పుడల్లా అవ్వనో, అమ్మనో, నన్నో పక్కన కూర్చోమనేవాడు. రాను రాను అలా అడగాల్సిన రోజులు తగ్గాయి. మదనపల్లెలో పిల్లలకు గిటారు నేర్పుతూ, తల నెరిసేదాకా బతికాడు.

మత్తు ఎంత తియ్యగా పిలుస్తుందో విన్నదాన్ని కాబట్టి, దానికి లోబడినవాళ్ళను బుద్ధిలేనివాళ్ళని నేను అనలేను. మొన్న మా వీధిలో ఒక తల్లి తన కొడుకు మత్తుకు అలవాటు పడిన సంగతి చెప్పి, "వానితో ఏం మాట్లాడల్లో తెలీలేదు పెద్దమ్మా," అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వెళ్ళి వాడి మంచం అంచున కూర్చున్నాను. వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను ఏమీ అడగలేదు. చాలాసేపటికి, ముఖం తిప్పకుండానే, కాస్త జరిగి నాకు చోటిచ్చాడు.