పేరు చెప్పని పేషెంటు

కొడకండ్లలో సుదర్శన్ డాక్టరు తాతకు ఇంజెక్షన్ వేయడం బాగా వచ్చు, వేయించుకోవడమే రాదు. సూది తన వైపు వస్తే ముఖం తిప్పుకొని కళ్లు గట్టిగా మూసుకుంటాడు. జుట్టుకు నల్లరంగు వేస్తాడు, సగం రంగు చెవులకే అంటుతుంది. ఊరందరినీ నూనె మానమంటాడు. బజ్జీల బండి దగ్గర పేషెంటు కనబడితే పొట్లం వీపు వెనక దాస్తాడు.

ఒక్క విషయంలో మాత్రం ఆయనతో పరాచికాలు కుదరవు. ఎవరినైనా వరంగల్ పెద్ద దవాఖానకు పంపాలంటే ముందుగా మహబూబాబాద్‌లో ఉన్న ప్రేమ్‌సింగ్ డాక్టరుకు ఫోన్ చేయాల్సిందే. ప్రేమ్‌సింగ్‌ది కొత్తగూడ అడవిలోని ఒక తండా. ఇద్దరూ ఒకే గదిలో ఉండి వైద్యం చదివారు. అతనూ తన పేషెంట్ల గురించి ఇలాగే అడిగేవాడు. ఇద్దరి మాటా కలిస్తేనే చీటీ రాసేవారు.

దానికొక షరతు ఉంది. పేషెంటు పేరు చెప్పకూడదు, ఎవరి మనిషో చెప్పకూడదు. వయసూ బాధా చెప్పాలి, అంతే. కొత్తలో తాత మేనత్తకు కడుపునొప్పి వచ్చింది. మేనత్త అనగానే ఇద్దరూ బెదిరిపోయి ఆమెను హైదరాబాద్ దాకా తోలారు. కోసి చూస్తే లోపల ఏమీ లేదు, ఆమెకు కుట్లు మిగిలాయి. బతికినన్నాళ్లూ ఇద్దరినీ కలిపి తిట్టింది. "పేరు ఇంటె బుద్ధి పనిజెయ్యదన్నా" అని ప్రేమ్‌సింగ్ అప్పుడే ఆ షరతు పెట్టాడు.

మొన్న వానలు వెనకబట్టాక అతని దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. తాత నోట్లో మిరపకాయ బజ్జీ ఉంది.

"అన్నా, ఒక కేసు. మగమనిషి, డెబ్బై దాటినై. ముద్ద మింగుడు పడ్తలేదు. మొదలు రొట్టె అడ్డంపడేది, ఇప్పుడు జావ గూడ కష్టమైతుంది."

"ఎప్పటిసంది?"

"ఎండాకాలం సంది."

"చిక్కిండా?"

"అంగీల మనిషి ఉన్నడా లేడా అన్నట్టున్నడు. మెడకాడ గడ్డలు చేతికి తాకుతున్నయ్. లివర్ గూడ గట్టిపడ్డది."

తాత నమలడం ఆపాడు. "గింతదాక ఏం జేసిండయ్యా, గాడిద కొడుకు?"

అవతల ప్రేమ్‌సింగ్ నవ్వాడు. "గాడిద కొడుకే. మరి పంపుదామా?"

"పంపి ఏం జేస్తవ్? క్యాన్సర్ లివర్ దాక పాకినట్టే. గాళ్లు పైపులేసి పండవెడ్తరు. మనోళ్ల నడుమ పోవుడు నయం. నొప్పికి మందియ్యి, ఇంట్లనే ఉండనీ."

"నేను గూడ గదే అనుకున్న అన్నా" అని అతను ఫోన్ పెట్టేశాడు.

తాత మిగిలిన బజ్జీలు తిని, చెయ్యి కడుక్కొని పనిలో పడ్డాడు. ఆ కేసు మళ్లీ తలపుకు రాలేదు.

బతుకమ్మ పండుగ దగ్గరపడ్డాక భూపాలపల్లిలో టీచరుగా పనిచేసే దీప ఫోన్ చేసింది. ఆమె ప్రేమ్‌సింగ్ బిడ్డ.

"పెద్దబాపూ, మా బాపు దవాఖానకు రానంటే రానంటుండు. గట్టిగ అడిగితే, సుదర్శనన్న గూడ వద్దన్నడు అంటుండు. నీకు నోరెట్ల వచ్చింది పెద్దబాపూ?"

తాతకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక ఇంటి ముందుగదిలోని క్లినిక్‌కు తాళం కూడా వేయకుండా తొర్రూరు బస్సెక్కాడు.

మహబూబాబాద్‌లో ప్రేమ్‌సింగ్ మంచంలో దిండుకు ఆనుకొని ఉన్నాడు. తాత కాళ్ల వైపు చూసి మెల్లగా నవ్వాడు. "ఒకటి నీ చెప్పు, ఒకటి విజయలక్ష్మి వదినెది. మంచిగున్నయ్."

"నవ్వకురా! పేరు జెప్తే నీదేం పోయేది? గుంజుకొని పోయేటోన్ని గదా!"

"గందుకే చెప్పలే."

"ఎండాకాలంల ఎందుకు చెప్పలే మరి?"

"ఎసిడిటీ అనుకున్న అన్నా. గోలీలు మింగుకుంట కూసున్న. వేరేటోళ్ల గురించి నిన్ను అడుగుడు అలవాటే గని, నా గురించి అడగబుద్ధి కాలే."

"నేను జెప్పింది తప్పు. లే, బయట దీప తెప్పించిన కారున్నది."

"గప్పుడు డాక్టరు చెప్పిండు, గిప్పుడు సుదర్శనన్న చెప్తుండు. నాకు డాక్టరు మాటే గావాలె."

తాత మంచం పక్కన కూర్చొని అతని మెడ తడిమాడు. కడుపు నొక్కాడు. కంటి రెప్ప కిందికి లాగి చూశాడు. ఫోన్‌లో విన్నవన్నీ అక్కడే ఉన్నాయి, పైగా కళ్లు పచ్చబడ్డాయి.

దీప బట్టల సంచి పట్టుకొని గుమ్మంలో నిలబడింది. "నువ్వే చెప్పు పెద్దబాపూ. తీస్కపోదామా?"

ఇన్నేళ్లలో ఇలాంటి మాటకు తాత ఒంటరిగా జవాబు చెప్పి ఎరగడు. అడగవలసిన మనిషి మంచంలో కళ్లు మూసుకొని ఉన్నాడు.

"వద్దు బిడ్డా" అన్నాడు.

"ఒక్కపారన్న పెద్ద డాక్టర్లకు సూపియ్యలేదని జిందగీ అంత నా మనసుల ఉంటది పెద్దబాపూ."

"ఉంటది. ఎవలన్న అడిగితే నేనే వద్దన్న అని చెప్పు. నన్నే తిట్టుకో."

దీప తిట్టలేదు. సంచి కింద పెట్టి, బయటికి వెళ్లి కారును పంపించేసింది. తిరిగి వచ్చి జావ కలిపి తెచ్చింది. తాత గిన్నె అందుకొని చెంచాతో పోశాడు. సగం లోపలికి పోయింది, సగం తువ్వాలు మీద పడింది.

"మెల్లగ పొయ్యన్నా" అన్నాడు ప్రేమ్‌సింగ్. "బస్సేమన్న పోతున్నదా?"

తాత చెంచా గిన్నెలో పెట్టి, అతను ఆ గుక్క మింగేదాకా చూస్తూ కూర్చున్నాడు.