డాబా మీద ఎర్ర శాలువా

మా ముత్తాతగారు వంశధార ఒడ్డున ఏడు ఊళ్ళ శిస్తు అనుభవించిన మోఖాసాదారు. సంస్థానం వారు ఆయనకు నిండు సభలో ఎర్ర శాలువా కప్పారు. మా తాతగారు మునసబుగా ఉండి, వరద వచ్చిన ప్రతిసారీ మేడ తలుపులు తెరిపించి ఊరందరికీ గంజి పోయించారు. మా నాన్నగారి నాటికి భూములు పోయాయి. మేడ, పెట్టెలో తాళం వేసి ఉంచిన ఆ శాలువా, ఎవరినీ ఏదీ అడగని స్వభావం మాత్రం మిగిలాయి. నేను వాయుసేనలో హెలికాప్టర్ నడిపాను. ఈ వంశం సంగతి ముందుగా చెప్పకపోతే, ఒకనాడు ఆకాశంలో నేను చేసిన పని మీకు అర్థం కాదు.

మొన్న ఆదివారం, విశాఖలో మేముంటున్న ఇంటి డాబా మీద మా అమ్మాయి ఎర్ర దుప్పటి ఆరేస్తుండగా సముద్రం వైపు నుంచి ఒక హెలికాప్టర్ తక్కువ ఎత్తులో వెళ్ళింది. కాలేజీకి వెళ్ళే పిల్ల, ఒకసారి తలెత్తి చూసి మళ్ళీ క్లిప్పులు పెట్టుకుంటూ పోయింది. నేను మాత్రం మెట్ల దగ్గరే ఆగిపోయాను. ఉద్యోగం వదిలి ఇన్నేళ్ళయినా ఆ చప్పుడు వింటే నా కళ్ళు డాబాలే వెతుకుతాయి.

నేను చేరిన రోజుల్లో మా వైపు ఆడపిల్లలు ఇటువంటి పనికి వెళ్ళడం ఎవరూ ఎరగరు. "ఓలమ్మ, గాల్లో తిరిగే పిల్లని ఎవుడు సేసుకుంటాడే!" అని నవ్విన మేనత్త కొడుకే చివరికి నన్ను చేసుకున్నాడు. బావ మా మేడలోనే ఉంటూ నరసన్నపేట కాలేజీలో లెక్చరరుగా చేసేవాడు. పరువు విషయంలో నాకంటే రెండాకులు ఎక్కువే. మంచు కొండల వైపు నాకు బదిలీ వేసినప్పుడు, పాపను నేను చూసుకుంటాను, నువ్వు వెళ్ళు అని పంపించిందీ అతనే. పాప మేడలో పెరిగింది, నేను ఫోనులో పెంచాను. పిల్ల తిన్నదా, దగ్గు తగ్గిందా, ఏటి ఒడ్డుకు వెళ్ళనిస్తున్నావా అని రోజూ అవే ప్రశ్నలు. గాలివానలో ఎగిరేటప్పుడు కూడా అంత దడ ఉండేది కాదు.

రెండువేల పది దాటాక, పాప ఆరో ఏట, తుపాను వచ్చి వంశధార పొంగింది. సాయానికి విశాఖకు పంపిన హెలికాప్టర్లలో ఒకటి నాది. పాపకు ఒళ్ళు వెచ్చగా ఉందని బావ చెబుతుండగానే ఫోను తెగిపోయింది. రెండు రోజులు మళ్ళీ కలవలేదు. మా ఊరు కూడా నేను తిరగవలసిన దారిలోనే ఉందన్న సంగతి పైవారికి నేను చెప్పలేదు. చెబితే సొంత ఇంటి కోసం వెళ్ళిందంటారని నా బాధ.

గుడ్డ ఊపిన చోటే అన్నం పొట్లాలు వెయ్యాలని మాకు చెప్పారు. మనుషుల్లేని చోట వేస్తే నీటిపాలవుతాయి. కింద ఎర్రటి నీళ్ళలో ఊళ్ళు తేలుతున్నట్టున్నాయి. ప్రతి కప్పు మీదా చీరో తువ్వాలో ఆడుతోంది. మా మేడ డాబా మీద మాత్రం ఏమీ లేదు. మనిషి లేడు, గుడ్డ లేదు. కిటికీలు మూసి ఉన్నాయి. లోపల ఉండి పరువు కోసం ఊపలేదా, ఊపడానికి ఎవరూ మిగలలేదా? ఒక్క చుట్టు తిరిగి చూద్దామని నోటి దాకా వచ్చింది. పక్క సీటులోని కుర్ర అధికారికి అది నా ఇల్లని తెలియదు. మా ఇల్లు దాటి ముందుకు వెళ్ళిపోయాను.

విశాఖలో ఇంధనం నింపుతున్న అరగంట నేను వెన్ను వంచకుండా నిలబడే ఉన్నాను. కూర్చుంటే మళ్ళీ లేవలేనేమోనని భయం వేసింది.

రెండోసారి వచ్చేసరికి డాబా మీద ఎర్ర శాలువా పరిచి ఉంది. దాని పక్కన ఒక ఆడమనిషి పిల్లను రెండు చేతులతో ఆకాశానికి ఎత్తి పట్టుకుని ఉంది. బావ డాబా మెట్ల గుమ్మంలో నిలబడ్డాడు, తల ఎత్తలేదు. మా సిబ్బందిలో ఒకతను తాడు మీద దిగాడు. యంత్రం కదలకుండా గాలిలో ఒక్కచోట నిలపాలి కనుక, ఎదురుగా ఉన్న కొబ్బరిచెట్టు మొవ్వు మీద చూపు ఆనించి ఉంచాను. నా బిడ్డ తాడు మీద వేలాడుతూ వస్తుంటే నేను కొబ్బరిమొవ్వును చూస్తూ కూర్చున్నాను. పిల్ల లోపలికి వచ్చిందన్నారు. ఆ తర్వాత కూడా, దిగేదాకా, వెనక్కి తిరగలేదు.

దిగాక వెళ్ళి ఎత్తుకుంటే ఒళ్ళు కాలిపోతోంది. పాప కళ్ళు తెరిచి నన్ను పోల్చుకుని మొదట అన్న మాట: "నాన్న ఏటీ అడగలేదమ్మా. శాలువా చేపల అత్త పరిచింది."

ఆ చేపల ఆవిడ, నీళ్ళు వచ్చాక మా మేడలో తలదాచుకున్న పల్లెకారుల మనిషి. ఏం జరిగిందో తర్వాత ఆవిడే చెప్పింది. సాయంత్రానికి నీళ్ళు దిగిపోతాయి, ఈ ఇల్లు పెట్టిందే గాని అడిగింది లేదని బావ రెండు రోజులు ఎవరినీ డాబా ఎక్కనివ్వలేదట. నా హెలికాప్టర్ మొదటిసారి దాటిపోయాక ఆవిడ ఇక ఊరుకోలేదట. "బాబుగోరూ, మీ పరువు మీకాడే ఉంచుకోండి. పిల్ల ఒళ్ళు పెనంలాగున్నాది. ఆ పెట్టి తాళం ఇలాగియ్యండి!" అని, అందులో ఉన్న వాటిలో పైనుంచి బాగా కనబడేది ఆ ఎర్ర శాలువాయేనని డాబా మీదికి తీసుకుపోయిందట.

ఆ మొదటిసారి నేను చూసి కూడా దాటిపోయానని బావకు ఈనాటికీ చెప్పలేదు. అతనూ ఎందుకు ఊపనివ్వలేదో నాకు చెప్పలేదు. ఇప్పుడు మా అమ్మాయి పక్కింటికి వెళ్ళి పంచదార అడిగి తెస్తుంది, బస్సులో తెలియని వాళ్ళను సీటు అడుగుతుంది. నాకింకా అలవాటు కాలేదు గాని, ఆపను. అడగడం వచ్చిన పిల్ల వరదలో బతుకుతుంది.

ఆ వరద వచ్చిన మరుసటి వేసవిలోనే మేడను రాజాం వ్యాపారికి అమ్మేశాము. వరదలప్పుడు మా తాతగారు తెరిపించిన ఆ టేకు తలుపులనే ముందు ఊడదీసుకుపోయాడు.