ఐన్ ఖాలిద్ ఎన్నికల అధికారి

కొందరికి పేకాట పిచ్చి, కొందరికి బంగారం పిచ్చి. మా సుధాకరరావుగారికి ఎన్నికల పిచ్చి. ఓటింగు పెట్టకుండా ఆయన ఏ నిర్ణయమూ తీసుకోరు. ఆఫీసు టీలో పంచదార ఎంత వెయ్యాలన్నా చీటీలు పంచుతారు, మడతపెట్టి వెయ్యమంటారు, లెక్కపెడతారు, లేచి నిలబడి గొంతు సవరించుకుని ఫలితం ప్రకటిస్తారు. ఈలోగా టీ చల్లారిపోతుంది. ప్రజాస్వామ్యం చల్లారలేదు కదా, అది చాలంటారు.

ఈ జబ్బు ఆయనకి ఇంగ్లండులో అంటుకుంది. దోహా రాకముందు ఆ కాకినాడ మనిషి నాలుగేళ్ళపాటు హెథర్టన్ అనే చిన్న ఊళ్ళో ఉద్యోగం చేశారు. కామన్వెల్తు దేశస్థులు కనక మనవాళ్ళు కూడా అక్కడి కౌన్సిల్ ఎన్నికల్లో ఓటెయ్యొచ్చు, నిలబడనూ వచ్చని ఎవరో మహానుభావుడు చెప్పాడు. ఈయన నిలబడ్డారు. చెత్త వారానికోసారి ఎత్తాలా, రెండు వారాలకోసారి ఎత్తాలా అన్నది ఆ ఏడు హెథర్టన్‌ని అట్టుడికించిన సమస్య. వానలో ఇల్లిల్లూ తిరిగి, తలుపులకుండే ఉత్తరాల కంతల్లోంచి కరపత్రాలు తోశారు. మూడిళ్ళలో కుక్కలు కరపత్రంతోపాటు వేలు కూడా అందుకున్నాయి. చివరికి వచ్చినవి పందొమ్మిది ఓట్లు.

"పందొమ్మిది, మారుతీ!" అనేవారు నాతో, గెలిచినవాడిలా. "ముక్కూమొహం తెలియని పందొమ్మిదిమంది!"

"అందుల ఒకటి మేడమ్‌ది గదా సార్?" అన్నాను ఓసారి.

ఆయన మొహం వాడిపోయింది. "అడిగానయ్యా. రహస్య ఓటు, చెప్పనంది."

నాకు ఆయన పరిచయమైంది రెండువేల పందొమ్మిదిలో. ప్రపంచకప్పు వస్తోందని దోహా అంతా తవ్వేసిన రోజులవి. ఊరి నడుమ ముషైరిబ్‌లో నిన్న ఉన్న దారి ఇవాళ ఉండేది కాదు. స్టేడియం పని చేసే ఓ కంపెనీలో ఆయన సేఫ్టీ కాగితాలు చూసేవారు. నేను టైమ్‌కీపర్‌ని. ఐన్ ఖాలిద్‌లో వాళ్ళింటికి మొదటిసారి టిఫిన్‌కి వెళ్ళిన రోజున, ఉన్న ఇద్దరు ఓటర్ల మధ్య పోలింగు జరుగుతోంది.

"ఉప్మాకి ఒకటి, దోసెకి ఒకటి. సమానం!" అని ప్రకటించారు ఆయన.

"అయితే ఇప్పుడేంటండీ?" అంది ఆయన భార్య సుబ్బలక్ష్మిగారు వంటింట్లోంచి.

"హెథర్టన్ పద్ధతి ప్రకారం చీటీ తీయాలి."

"నిదానంగా తీయండి. నేను ఉప్మా దింపేశాను."

ఆ జూలైలో కార్మికులుండే క్యాంప్ నుంచి సైటుకి వెళ్ళే బస్సుల్లో ఏసీలు పోయాయి. గంటకు పైగా ప్రయాణం. అద్దాలు తెరిస్తే వడగాలి, మూస్తే ఉడుకు. మా జగిత్యాల వైపు రాజేశం, ఇనుప చువ్వలు కట్టేవాడు, ఓ ఉదయం బస్సు దిగుతూ కళ్ళు తిరిగి పడిపోయాడు. క్యాంప్ బాస్ రత్నాకర్ వచ్చి అందరినీ వరసలో నిలబెట్టి ఎంతో దయగా అడిగాడు.

"ఎవనికన్న ప్రాబ్లమున్నదా?"

"మాఫీ ప్రాబ్లం సార్!" అన్నారు అందరూ, ఏమీ లేదని వచ్చీరాని అరబ్బీలో. రాజేశం కూర్చునే అన్నాడు.

ఎందుకనరు? కిందటేడు నీళ్ళు బాగాలేవన్న ఒకతను వారం తిరక్కుండా ఊరికి విమానం ఎక్కాడు. అతని ఆరోగ్యం కోసమే పంపించామని కంపెనీ చెప్పింది. మా కంపెనీకి జాలి ఎక్కువ.

సరిగ్గా అప్పుడే సుధాకరరావుగారికి జబ్బు తిరగబెట్టింది. క్యాంప్‌లో ఉన్న తొంభై ఆరుమంది తెలుగువాళ్ళకీ మెస్‌లో రాత్రిపూట అన్నం పెట్టాలా, చపాతీ పెట్టాలా అని ఎన్నిక జరపాలన్నారు. మనుషులు మాడిపోతుంటే ఈయనకి చపాతీల గొడవా అని నాకు ఒళ్ళు మండింది. రత్నాకర్ పగలబడి నవ్వాడు.

"పెట్టుకో రావుసాబ్. జర టైంపాస్ అయితది."

చీటీ అడుగున "ఇతర కోరికలు" అని రెండు ఖాళీ గీతలున్నాయి. నవ్వుతున్నవాడు చదవడు కదా, రత్నాకర్ చూడలేదు.

గురువారం సాయంత్రం మెస్‌లో పోలింగ్. అట్టలతో ఓ మూల మరుగు కట్టి, పెన్సిల్‌కి దారం కట్టి వేలాడదీశారు. సేఫ్టీ బూట్ల డబ్బా ఓట్ల పెట్టె. "రాజేశం! నీ చీటీ నాకు చూపించకు! నేరం!" అని ఆయన అరిచిన అరుపుకి రాజేశం మళ్ళీ పడిపోతాడేమోనని భయపడ్డాను. పోలింగు అయ్యాక డబ్బాకి చుట్టూ టేపు వేసి, కారు ముందు సీట్లో పెట్టి, బెల్టు కట్టి ఇంటికి తీసుకెళ్ళారు. నేను వెనకసీట్లో కూర్చున్నాను. నాకు బెల్టు గురించి ఎవరూ అడగలేదు.

శనివారం ఆఫీసులో లెక్కింపు. రత్నాకర్ కాలు మీద కాలేసుకుని చూస్తున్నాడు. ఒక్కొక్క చీటీ తీసి చదువుతుంటే అతని కాలు మెల్లగా కిందికి దిగింది. సుధాకరరావుగారు లేచి నిలబడ్డారు.

"అన్నం నలభై ఒకటి. చపాతీ యాభై అయిదు. ఇతర కోరికలు: బస్సుల ఏసీ, తొంభై ఆరు. ఏకగ్రీవం! ఫలితం హెడ్డాఫీసుకీ, కార్మికుల వసతులు తనిఖీ చేసేవాళ్ళకీ మెయిల్ చేస్తున్నాను." ఆ ఆఖరి మాట అనేసరికే మెయిల్ వెళ్ళిపోయింది.

రత్నాకర్ చీటీలన్నీ ఊడ్చుకున్నాడు. బీరువాలోంచి అందరి లీవు లెటర్లూ బయటికి లాగాడు. "ఎవడెవడు రాసిండో చేతిరాత వట్టి తేలుస్త. మాపటివరకు టికెట్లు తీస్త."

నాకు చెమటలు పట్టాయి. కాసేపటికి చూస్తే, అతనికి పట్టాయి.

"ఇదేంది రావుసాబ్? సగం ఒక్క తీర్గ, సగం ఇంకో తీర్గ ఉన్నయి?"

"రాయలేని ఓటరుకి అధికారి సాయం చెయ్యొచ్చండి. హెథర్టన్‌లో రూలుంది."

"తొంభై ఆరుమందికీ రాయస్తలేదా?"

"కంపెనీ వాళ్ళని దస్తూరి చూసి తీసుకోలేదు కదండీ."

రాయడం వచ్చినవాళ్ళు ఒంటరిగా మరుగులోకి వెళ్ళి రాసుకు రావడం నేను కళ్ళారా చూశాను. డ్యూటీ దిగగానే ఐన్ ఖాలిద్ వెళ్ళాను. సుబ్బలక్ష్మిగారు మణికట్టుకి నొప్పుల మందు రాసుకుంటూ తలుపు తీసింది.

"శుక్రవారం పొద్దున్నించీ కూర్చోబెట్టి రాయించారయ్యా! నలభై ఎనిమిది ఆయన, నలభై ఎనిమిది నేను. అసలు చీటీలు బకెట్లో నానబెట్టి ముద్ద చేసేశారు."

సుధాకరరావుగారు సోఫాలో దొంగలా కూర్చుని ఉన్నారు.

"రత్నాకర్ లీవు లెటర్లు దాస్తాడని నాకు ముందే తెలుసు మారుతీ. అందుకే ఉన్నదున్నట్టు ఎత్తి రాశాం. అయినా ఓట్ల పెట్టె తెరిచాను కదా, పాపిష్టి పని! అయిదేళ్ళపాటు నన్ను నేనే అనర్హుణ్ణి చేసుకున్నాను."

మంగళవారానికల్లా బస్సులు చల్లబడ్డాయి. తనిఖీవాళ్ళు వస్తున్నారని తెలిసి రత్నాకర్ స్వయంగా ఎక్కి కూర్చుని పరీక్షించాడట.

నా నోరు ఊరుకోదు గదా, రాజేశానికి సంగతంతా చెప్పేశాను. ఆ తర్వాతి శుక్రవారం నాతోపాటు ఐన్ ఖాలిద్ వచ్చాడు. గుమ్మంలోనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సార్, ఒక్క మాట. నేను బస్సు గురించి రాయలే."

సుధాకరరావుగారు ముందుకు వంగారు. "మరేం రాశావు?"

"వారంకొకసారి మటన్ పెట్టుమని రాసిన."

"అయ్యో, ఆ చీటీ నా వంతులోదే!" అంది సుబ్బలక్ష్మిగారు. "ఆ రాతలో ఒక్క ముక్కే తెలిసింది, మోటార్ అని చదివాను. బస్సు మోటారు కాబోలనుకుని ఏసీ అని రాసేశాను."

"బస్సు దిగుతూ పడిపోయింది నువ్వే కదయ్యా!" అన్నారు సుధాకరరావుగారు.

"ఒంట్ల బలం లేక పడ్డననుకున్న సార్. మటన్ తింటె నిలవడ్త అనుకున్న."

సుధాకరరావుగారు లాప్‌టాప్ అందుకోబోయారు. "అయితే తొంభై అయిదే! ఏకగ్రీవం కాదు! హెడ్డాఫీసుకి సవరణ పంపాలి!"

"ఆ లాప్‌టాప్ ముట్టుకున్నారంటే చూడండి," అని సుబ్బలక్ష్మిగారు ఆయన చేతిలో సంచీ పెట్టింది. "అల్ హిలాల్‌లో మాంసం కొట్టుకి వెళ్ళి కిలో మటన్ తెండి. రాజేశం, లోపలికొచ్చి కూర్చో నాయనా, భోంచేసి వెళ్దువు."

ఆయన గుమ్మందాకా వెళ్ళి ఆగారు. "కూరా, పులావా? నలుగురం ఉన్నాం, చిన్న చీటీలు..."

"బొక్కల శోర్వ జెయ్యి అమ్మా," అన్నాడు రాజేశం, ఎముకల పులుసు కావాలని. "కారం జర ఎక్కువెయ్యి."

గట్టిగా, అందరికీ వినపడేలా అన్నాడు. చీటీ లేదు, మడత లేదు, మరుగు లేదు. సుధాకరరావుగారు కాస్త నొచ్చుకున్నారుగాని, మారు మాట్లాడకుండా చెప్పులు తొడుక్కున్నారు.