సోమవారం చచ్చే ప్రోగ్రామూ, నర్సక్క ఆమెనూ

ఆ రోజుల్లో డీబగ్గింగ్ అంటే, ప్రోగ్రామ్‌లో మన చేత్తో మనమే దాచిపెట్టిన తప్పును (దాన్నే బగ్, అంటే పురుగు అనేవాళ్ళం), ఏ వెధవ దాచాడురా దీన్ని అని తిట్టుకుంటూ మనమే వెతుక్కోవడం. అర్థం ఇప్పటికీ అదేననుకోండి, పనిముట్లే మారాయి. ఇప్పటి పిల్లలకి తప్పున్న లైను కింద ఎర్రగీత దానంతటదే వచ్చేస్తుంది. ఎనభైల మొదట్లో మాకు ప్రోగ్రామ్ చచ్చిపోతే, పోస్ట్‌మార్టమ్ రిపోర్టు కింద దిండంత కాగితాల కట్ట వచ్చేది. దాన్ని డంప్ అనేవాళ్ళం. ప్రాణం పోయే క్షణంలో కంప్యూటర్ మెమరీలో ఉన్నదంతా అంకెలూ అక్షరాలూ కలగాపులగంగా అందులో అచ్చయ్యేది. ఎర్రపెన్సిల్ పట్టుకుని దాని ముందు కూర్చుంటే చూసేవాళ్ళకి మహా మేధావిలా కనిపించేవాణ్ణి. (నాకూ అలాగే అనిపించేది. చిక్కంతా అక్కడే వచ్చింది.)

అమెరికాలో పార్సిప్పనీ అనే ఊళ్ళో ఒక మందుల గోడౌన్ కంపెనీలో పని చేసేవాణ్ణి. ముందురోజు లారీల్లో ఏ సరుకు ఎక్కడికి వెళ్ళిందో చూసి, పొద్దున్నే రిపోర్టు తీసే ప్రోగ్రామ్ నాది. వారమంతా బంగారంలా నడిచేది, సోమవారం వస్తే చచ్చేది. మా మేనేజర్ నోట్లో ఎప్పుడూ పైపు ఉండేది కాబట్టి ఆయన్ని చాటుగా పొగగొట్టం అనేవాళ్ళం. ఆయన ఒక శుక్రవారం నన్ను పిలిచి, వచ్చే సోమవారం కూడా ఇది చస్తే నీ గ్రీన్‌కార్డ్ పేపర్ల సంగతి మళ్ళీ ఆలోచించాల్సి వస్తుంది అన్నాడు. చాలా మర్యాదగా అన్నాడు, అందుకే ఎక్కువ భయమేసింది. ఆయన ముచ్చటపడి కొనిపించిన కొత్త డీబగ్గర్ ఒకటుండేది. ప్రోగ్రామ్‌ని ఒక్కో లైను దగ్గరా ఆపి చూపించేది. అప్పటికే దాంతో గురువారమూ శుక్రవారమూ కూర్చుని పరీక్షించాను. రోగం ఏ కోశానా లేదు. సోమవారం నాటి ఫైలు వేసి చూడాలని ఈ మేధావికి తట్టనేలేదు. డంపేమో చచ్చిన చోటు చూపించేది కానీ దెబ్బ తగిలిన చోటు చూపించదు కదా.

మర్నాడు శనివారం మధ్యాహ్నం గృహకూటం. కోస్తా నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబాలం కొద్దిమందిమి, వంతులవారీగా ఒకరి అపార్ట్‌మెంట్‌లో కూడి తెలుగులో ఆరాధన చేసుకునేవాళ్ళం. ప్రార్థనకు ముందు ఎవరి మనవి వాళ్ళు చెప్పుకోవాలి. ఒకరి వీసా, ఒకరి మోకాలు, ఇంకొకరి డ్రైవింగ్ టెస్టు. నా వంతు రాగానే, "నా ప్రోగ్రామ్ కోసం ప్రార్థించండి" అన్నాను. అందరూ తలలూపారు, నర్సక్క తప్ప. పెద్ద హాస్పిటల్లో హెడ్ నర్సు ఆవిడ. ఆవిడంటే డాక్టర్లకే హడల్.

"ఊరికే ప్రోగ్రామ్ అంటే ఎట్లా తమ్ముడూ? ప్రభువుకి అన్నీ తెలుసు, మాకు తెలియొద్దా? సింప్టమ్స్ చెప్పు. డైలీ వస్తుందా?"

"లేదక్కా, సోమవారాలే."

"ఎప్పట్నుంచి?"

"సమ్మర్ నుంచి."

"అప్పుడేం మారింది? డైట్ ఏమన్నా మార్చారా?"

అంతా గొల్లుమన్నారు. "ఏం మారలేదక్కా. ఆదివారాలు లారీలు ఆపేశారు, అంతే."

"సరే, పొద్దున్నే లేచి ఫస్ట్ ఏం చేస్తుందది?"

"ముందురోజు లారీల రికార్డులు కట్టగా ఉంటాయి కదా, అందులోంచి ఒకటి తీసి చదువుతుంది. ఆ తర్వాత కట్టలో ఇంకా ఉన్నాయా అని..."

ఆదివారం లారీల్లేవు. లారీల్లేకపోతే కట్టలో రికార్డులూ లేవు. నా ప్రోగ్రామ్ మాత్రం పళ్ళెంలో అన్నం ఉందో లేదో చూడకుండా చెయ్యి పెట్టి, తగిలిన చెత్తేదో మింగి, కాసేపటికి ఎక్కడో వెళ్ళి పడి చస్తోంది. ముందు చూసి తర్వాత తీసుకోమంటే సరిపోతుంది, రెండు లైన్లు అటూ ఇటూ మార్చాలి, అంతే.

"ఏంటి తమ్ముడూ, కళ్ళు తేలేశావ్?"

"దొరికిందక్కా!" అని లేచి నిలబడ్డాను. మా పాస్టర్ అయ్యగారు, "హల్లెలూయా! ప్రార్థన చేసుకుందాం" అని కళ్ళు మూసేశారు. అయ్యగారి ప్రార్థన గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆయన మొదలుపెట్టేటప్పుడు పొయ్యి మీద పప్పు పెడితే, ముగించేసరికి మాడిపోయేది. ఆఫీసులో కంప్యూటర్ గది అయిదింటికి మూసేస్తారు, మాకు మళ్ళీ తెరిచేది సోమవారం రిపోర్టు నడిచాకే. అయ్యగారు ఇండియా ప్రభుత్వాన్ని దీవించి, అమెరికా ప్రభుత్వాన్ని దీవించి, తుఫాను బాధితుల మీదుగా ఆ బిల్డింగ్ బాయిలర్ దాకా వచ్చారు. "యంత్రములో దాగియున్న పురుగును బంధించుము తండ్రీ" అని నా సంగతి ఎత్తుకునేసరికి గోడ గడియారం నన్ను చంపేస్తోంది. పురుగు దొరికింది తండ్రీ, నన్ను వదిలిపెట్టు తండ్రీ అని నేను వేరే ప్రార్థన మొదలుపెట్టాను. (రెండింట్లో నాదే చిన్నది.)

ఒక కన్ను తెరిచి చూస్తే, ఎదురుగా నర్సక్క కూడా ఒక కన్ను తెరిచే ఉంది. ముందుకు వంగి, "పో తమ్ముడూ. నీ ఆమెన్ నేను చెప్తాలే" అని గొణిగింది.

పిల్లిలా బయటికొచ్చి, గుమ్మం దగ్గర దొరికిన బూట్లు తొడుక్కుని కారెక్కాను. కంప్యూటర్ గదిలో ఆపరేటర్ కోటు వేసుకుంటుండగా జొరబడి ఆ రెండు లైన్లు మార్చాను. ఆ బూట్లు అయ్యగారివని పాదాలు బొబ్బలెక్కాక తెలిసింది.

సోమవారం ప్రోగ్రామ్ చావలేదు. పొగగొట్టం నా భుజం తట్టి, కొత్త డీబగ్గర్ పనితనం చూశావా అని మురిసిపోయాడు. మరుసటి వారం అయ్యగారు ఆదివారం విశ్రాంతి తీసుకునే లారీల మీద ఏకంగా ప్రసంగమే చేశారు. నర్సక్క మాత్రం, "మళ్ళీ వచ్చిందా తమ్ముడూ?" అని అడిగింది. రాలేదంటే, "గుడ్, డిశ్చార్జ్" అంది.

ఆ తర్వాత ఎన్ని టూల్స్ చేతికొచ్చినా, దారి తోచనప్పుడు నర్సక్కకే ఫోన్ చేసేవాణ్ణి. "సింప్టమ్స్ చెప్పు" అనేది. సగం చెప్పేలోగా నాకే దొరికేది. మొన్న చలికాలంలో నర్సక్క పోయింది. సమాధి దగ్గర అయ్యగారే ప్రార్థన చేశారు, ఎనభై దాటినా నిడివి తగ్గలేదు. పాత అలవాటు కొద్దీ ఒక కన్ను తెరిచాను. ఎదురుగా ఎవరూ కన్ను తెరిచి లేరు. కదలకుండా చివరిదాకా నిలబడి ఆమెన్ రెండుసార్లు చెప్పాను. పక్కనున్నాయన ఈ ముసలాడికి మతిపోయిందా అన్నట్టు చూశాడు. రెండోది నర్సక్క తరఫున.