టీచరమ్మ వేలిముద్ర

ఈ రోజు మధ్యాహ్నం బ్యాంకు ఆఫీసరొకాయన సైకిల్‌కు జిగురు డబ్బా తగిలించుకుని తాండూరులో మా పక్కింటికి వచ్చాడు. ఇల్లు వేలం వేస్తామని తలుపుకు నోటీసు అంటించాలట. ఆ ఇల్లు బడిలో పాఠాలు చెప్పే అనసూయమ్మ పేరునా, ఆమె భర్త పేరునా ఉంది. నాపరాళ్ల పాలిష్ మిషన్ కోసం భర్త దాన్ని తాకట్టు పెట్టిన సంగతి ఆమెకు అప్పుడే తెలిసింది.

“మీరు ఒప్పుకున్నట్టు వేలిముద్ర గూడ వేసిన్రు గద టీచరమ్మా,” అని ఆఫీసరు కాగితం చూపించాడు.

“మీ బిడ్డ మార్కుల కార్డు మీద నెలనెలా నేనేం వేస్తున్న సార్? సంతకమా, వేలిముద్రనా?”

ఆఫీసరు జిగురు డబ్బాకు మూత పెట్టి ఆమె భర్త వైపు చూశాడు.

“ఆడోళ్లను బ్యాంకుకు తీస్కపోతే బాగుండదని, వికారాబాద్ నుంచి వచ్చిన మా వదినెతోని ఇంట్లనే వేయించిన. ఎవరిదైతేంది సార్, ఆడమనిషి వేలే గద,” అన్నాడు ఆ మహానుభావుడు.

అనసూయమ్మ గొంతు పెంచలేదు. “గట్లనా. రేపు మీ బిడ్డతోని కార్డు పంపిస్త సార్. మీరు గూడ సంతకం వెట్టకుండ్రి. బజార్ల ఎవరితోనన్న వేలిముద్ర వేయించి పంపుండ్రి.”

నోటీసు వచ్చిన సైకిల్ మీదే వెనక్కి వెళ్లింది. సాయంత్రం ఇదంతా చెప్పి మా ఆవిడను నవ్విద్దామనుకున్నాను. ఆమె నవ్వకుండా, మన ఇంటి కాగితాలు ఎక్కడున్నాయని అడిగింది. మీ ఇంట్లో అడిగితే మీరేం చెబుతారు?